గురక అన్న మాట చెప్పలేక

చనిపోయిన మనిషికి స్వస్థత ఇమ్మని నేను ప్రార్థన చేశాను. అదీ ఆయన భార్య ఎదురుగా కూర్చుని ఉండగా, ఇంటినిండా జనం వింటుండగా.

పోయిన ఏడాది అక్టోబరు సంగతి ఇది. కెనడాలోని హాలిఫాక్స్‌లో మా తెలుగు క్రైస్తవ సహవాసం నెలకోసారి ఎవరో ఒకరింట్లో కూడుతుంది. పాటలయ్యాక ఒకరిని ప్రార్థన చేయమంటారు. చూసి చదివేది కాదు, కళ్లు మూసుకుని నోటికొచ్చింది చెప్పుకుంటూ పోవడమే. నేను అందులో గట్టిదాన్నని పేరు. వర్క్ పర్మిట్ రావాల్సినవాళ్లు, పరీక్షలు రాసేవాళ్లు, పురిటికి సిద్ధంగా ఉన్నవాళ్లు, ఒక్కరినీ మర్చిపోను. ఆ రోజు అలాగే వరసగా చెప్పుకుంటూ వచ్చి, "ఆసుపత్రిలో ఉన్న దానియేలు గారిని నీ చేత్తో ముట్టి లేపు తండ్రీ, క్షేమంగా విజయక్క దగ్గరికి చేర్చు" అన్నాను.

అప్పటిదాకా చుట్టూ వినిపిస్తున్న "అవును ప్రభువా"లు టక్కున ఆగిపోయాయి. దానియేలు గారు ఆగస్టులో పోయారు. పక్షవాతం వచ్చి, పది రోజులు ఆసుపత్రిలో ఉండి పోయారు. ఆయన పోయాక పెట్టిన ఆదరణ కూడికకి చికెన్ కూర వండింది నేనే. కళ్లు తెరవడానికి ధైర్యం చాల్లేదు. ఆ నిశ్శబ్దంలో విజయక్క ఒక్కరే గట్టిగా "ఆమేన్" అన్నారు. నన్ను ఆదుకోవడానికే అన్నారని అందరికీ తెలుసు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

ఇప్పుడు గండం గడిచింది కాబట్టి ఇదంతా రాయగలుగుతున్నాను. గడిచిందని అనకూడదేమో, డాక్టరు గారు కూడా అలా అనలేదు. కుదుటపడింది అందాం. నాలాగా సిగ్గుపడి నోరు మూసుకున్న ఆడవాళ్లు ఇంకెక్కడో ఉంటారని, వాళ్లలో ఒక్కరైనా చదువుతారని రాస్తున్నాను.

నా పేరు కరుణ. మాది పాలకొల్లు దగ్గర. యాభై ఎనిమిదేళ్లు. పొద్దున్నే ఫెర్రీ ఎక్కి హార్బర్ దాటి, అవతల ఒక నర్సింగ్ హోమ్‌లో వృద్ధుల్ని చూసుకునే పని చేస్తాను. అందులోనూ మతిమరుపు జబ్బు వచ్చినవాళ్లుండే ఫ్లోర్. తమ పిల్లల్ని తామే గుర్తుపట్టలేనివాళ్లకి అన్నం తినిపించి, స్నానం చేయించి, చెప్పిందే మళ్లీ చెప్పి మురిపించడం నా ఉద్యోగం. కాబట్టి ఆ జబ్బు ఎలా మొదలవుతుందో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

డిసెంబరు

ప్రార్థన సంగతిని మా ఆయన ప్రసాద్ గారు నవ్వుతూ తేల్చేశారు. "దానికేముంది, నోరు జారింది" అన్నారు. డిసెంబరులో జరిగినదాన్ని నేను ఆయనకి వెంటనే చెప్పలేదు.

మా ఫ్లోర్ తలుపుకి నంబర్ లాక్ ఉంటుంది. లోపలివాళ్లు తెలియక బయటికి వెళ్లిపోకుండా పెట్టారు. ఎన్నో ఏళ్లుగా నేను చూడకుండా నొక్కే నంబరు అది. ఆ సాయంత్రం డ్యూటీ దిగి, కోటు వేసుకుని, తలుపు దగ్గర నిలబడ్డాను. నంబరు రాలేదు. నాలుక చివర కూడా లేదు, అసలు అలాంటిది ఒకటి ఉండేదన్న ఆనవాలే లేదు. వేళ్లకైనా గుర్తుంటుందేమోనని ఊరికే నొక్కి చూశాను. ఎర్ర లైటు వెలిగింది.

పక్కన ఒక పెద్దావిడ వచ్చి నిలబడింది. రోజూ ఆ తలుపు తీయమని బతిమాలే మనిషి. నా చేయి పట్టుకుని ఇంగ్లిషులో, "వాళ్లు మనల్ని వెళ్లనివ్వరమ్మా" అంది. మనల్ని అంది. ఆవిడకి నేనూ తనలాంటిదాన్నే.  వేరే ఉద్యోగిని ఎవరో వచ్చి తలుపు తీసేదాకా మేమిద్దరం చేతులు పట్టుకుని అక్కడే నిలబడ్డాం.

రెండు రోజులు దాచి, మూడో రాత్రి భోజనాల దగ్గర చెప్పేసి ఏడ్చాను. మా ఆయన దేశానికి ఆ చివర బర్నబీలో ఉన్న మా అమ్మాయి స్నేహకి ఫోన్ చేశారు. స్నేహ సాఫ్ట్‌వేర్‌లో పని చేస్తుంది. "మమ్మీ, దిస్ ఈజ్ నాట్ నార్మల్, నేనొస్తున్నా" అని లాప్‌టాప్ పట్టుకుని వచ్చేసింది. వచ్చిన మర్నాడు వంటింటి సొరుగులన్నిటికీ కాగితాలు అంటించింది. స్పూన్స్, పప్పులు, టాబ్లెట్స్. నా వంటింట్లో నాకే బోర్డులు. వాటిని ఒక్కొక్కటే పీకేస్తూ దాని మీద అరిచాను. అదీ అరిచింది. "ఐయామ్ స్కేర్డ్, ఓకే?" అని బాత్‌రూమ్‌లోకి వెళ్లి తలుపేసుకుంది. లోపల ఏడుస్తోందని తెలిసినా తలుపు తట్టలేదు. తట్టి ఏం చెప్పను? నాకూ భయంగానే ఉందనా?

జనవరి

మా ఫ్యామిలీ డాక్టరు మెమరీ క్లినిక్‌కి రాశారు. అదృష్టం బాగుండి, ఎవరో రానన్న అపాయింట్‌మెంట్ మాకు దొరికింది. ముగ్గురం వెళ్లాం. వెయిటింగ్ రూమ్‌లో అందరూ జంటలే. ఒకరు మర్చిపోయేవాళ్లు, పక్కన గుర్తుపెట్టుకునేవాళ్లు. ఎవరు ఎవరో మొహాలు చూసి చెప్పేయొచ్చు. మా వైపు చూసినవాళ్లు నన్ను ఏ లెక్కలో వేశారో కూడా నాకు అర్థమైంది.

డాక్టరు గారు నెమ్మదస్తురాలు. గడియారం బొమ్మ వేయించారు. అయిదు మాటలు చెప్పి, కాసేపయ్యాక మళ్లీ అడిగారు. రెండే వచ్చాయి. బీపీ గురించి, నడక గురించి, చెవులు సరిగ్గా వినిపిస్తాయా అని, ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉందా అని అడిగారు. ఆ తర్వాత నిద్ర ఎలా పడుతుందన్నారు.

"బాగా పడుతుంది" అన్నాను.

"గురక పెడతారా?"

"లేదండీ" అన్నాను.

రెప్పపాటు కూడా పట్టలేదు ఆ అబద్ధానికి. మా ఆయన గోడ మీద ఉన్న మెదడు బొమ్మని శ్రద్ధగా చూస్తున్నారు. స్నేహ నా వంక చూసి, మళ్లీ తన ఫోన్‌లోకి చూసుకుంది.

ఇప్పుడు చెప్పాలి. నేను గురక పెడతాను. మామూలు గురక కాదు. పెళ్లయిన కొత్తలో అత్తగారింట్లో అందరం హాల్లో వరసగా పడుకున్నాం. తెల్లారాక మా ఆడపడుచు కాఫీలిస్తూ, "రాత్రి మా వదిన మీంచి నరసాపురం ప్యాసింజర్ వెళ్లింది, ఎవరైనా టిక్కెట్టు కొన్నారా?" అంది. ఇల్లంతా పగలబడి నవ్వారు. ఆ పిల్ల చెడ్డది కాదు, సరదాకే అంది. నేను మాత్రం నూతి దగ్గరికి వెళ్లి మొహం కడుక్కుంటున్నట్టు నటిస్తూ ఏడ్చాను. మగాడు గురక పెడితే కష్టపడి వచ్చి పడుకున్నాడంటారు. ఆడది గురక పెడితే అదో వింత. ఆ రోజు నుంచి నేను పరాయి ఇంట్లో కన్ను మూయలేదు. ఇండియా విమానంలో అంత దూరమూ కూర్చుని జపం చేసేదాన్ని. మా సహవాసంలో ఆడవాళ్లంతా కలిసి ఏటా రెండు రోజులు కాటేజీకి వెళ్తారు. ఏడాదికో సాకు చెప్పి తప్పించుకునేదాన్ని. నిద్ర సుఖమెరగదంటారు. నా నిద్రకి మాత్రం సిగ్గు బాగా తెలుసు.

మా ఆయన కొన్నేళ్లుగా నడుంనొప్పి అని హాల్లో సోఫా మీద పడుకుంటున్నారు. మెత్తటి మంచం వదిలి సోఫా మీద పడుకుంటే తగ్గే నడుంనొప్పి ఏమిటో నేనెప్పుడూ అడగలేదు. ఆయనా చెప్పలేదు. ఇద్దరం తేలుకుట్టిన దొంగల్లా కాపురం చేశాం.

క్లినిక్‌లో స్కాన్ రాసి ఏప్రిల్లో రమ్మన్నారు. అప్పటిదాకా నా అంతట నేనే మందుల పని లేని ఇంకో ఫ్లోర్‌కి మార్పించుకున్నాను. ఎవరికైనా తప్పు మందులు అందిస్తానేమోనని భయం. విజయక్కకి మొహం చూపించలేక ప్రార్థన కూడికలు మానేశాను. ఆవిడ రెండుసార్లు ఫోన్ చేశారు, ఎత్తలేదు. మూడోసారి చారు, బంగాళదుంప వేపుడు డబ్బాల్లో పెట్టి మా గుమ్మంలో వదిలి వెళ్లారు. బెల్లు కూడా కొట్టలేదు.

ఏప్రిల్

రెండోసారి వెళ్లిన రోజు డాక్టరు గారికి ఆలస్యమవుతోంది. గది వెచ్చగా ఉంది. నేను మేలుకునే ఉండాలని పెదవి కొరుక్కుంటూ కూర్చున్నాను. పగలు ఎక్కడ కూర్చున్నా కళ్లు మూతలు పడడం అప్పటికి చాలాకాలంగా ఉంది. వయసనుకున్నాను.

ఎప్పుడు కునుకు పట్టిందో తెలియదు. నీళ్లలో మునిగి పైకి తేలినట్టు ఒక్కసారి గాలి ఎగపీల్చి లేచాను. గది మొత్తం నా వైపే చూస్తోంది. స్నేహ లేచి నిలబడి నా భుజాలు పట్టుకుని ఉంది. దాని మొహంలో నెత్తురు చుక్క లేదు. రిసెప్షన్‌లో ఉన్నావిడ బల్ల వదిలి వచ్చి, గ్లాసుతో నీళ్లిచ్చి, నా ముందు మోకాళ్ల మీద కూర్చుంది. ఇలా ఎప్పటినుంచి జరుగుతోందని మెల్లగా అడిగింది.

"గురకేనండీ, అలసిపోయి..." అని ఏదో అనబోయాను. ఎదురుగా ఉన్న తెల్లజుట్టు పెద్దాయన కాదన్నట్టు తలకాయ ఆడించారు. "మీరు ఊపిరి తీసుకోవడం మానేశారు" అన్నారు. ఆయన మర్చిపోయేవాళ్లలో ఒకరు. కానీ ఇది చూశారు.

నాకు భూమి చీలిపోతే బాగుండుననిపించింది. అప్పుడు మా ఆయన నోరు తెరిచారు. ముందు నాతో తెలుగులో అన్నారు.

"ఇవాళ కొత్తేం కాదు కరుణా. రాత్రంతా ఇంతే. గురక పెడతావ్, పెడతావ్, ఉన్నట్టుండి ఆగిపోతావ్. నాకు గుండె ఆగినంత పనయ్యేది. పక్కకి తిప్పితే మళ్లీ గురక మొదలయ్యేది. హమ్మయ్య, నిద్ర పట్టింది అనుకునేవాణ్ణి."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు ఏడుస్తావని. అయినా గురక పెట్టి నిద్రపోతున్నావంటే నిశ్చింతగా ఉన్నావనే కదా. మనం అలాగే అంటాం కదా."

అవును, అలాగే అంటాం. హాయిగా గురకపెట్టి నిద్రపోయాడని. పనులన్నీ తీరినవాడికి, ఏ బెంగా లేనివాడికి వాడే మాట. ఒక్క మాటని నమ్మి ఆయన మోసపోయారు, అదే మాటకి సిగ్గుపడి నేను మోసపోయాను. అయినా ఆయన సోఫా మీదికి వెళ్లాక నన్ను పక్కకి తిప్పేవాళ్లెవరని అడగాలనిపించింది. అడగలేదు. ఆయన అప్పటికే కళ్లు తుడుచుకుంటున్నారు.

లోపలికి వెళ్లి ఆయన ఇదే మళ్లీ చెప్పాక, డాక్టరు గారు నన్ను కోప్పడలేదు. జనవరిలో గురక లేదన్నారే అని కూడా అనలేదు. అనుంటే బాగుండేది. కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. పగలంతా మెదడు పని చేసినప్పుడు దానిలో చెత్త పేరుకుంటుందట. గాఢ నిద్రలో, మెదడు చుట్టూ ఉండే నీరు లోపలికంటా పారి ఆ చెత్తని కడిగి బయటికి పంపుతుందట. ఊపిరి ఆగినప్పుడల్లా శరీరం ఉలిక్కిపడి సగం మేలుకుంటుంది. మనకి తెలియదు. గాఢ నిద్ర నిలవదు, కడగడం సరిగ్గా సాగదు. ఇందులో ఎంత నిజమో, మతిమరుపు జబ్బుకి ఇది ఎంతవరకు కారణమో ఇంకా పరిశోధిస్తున్నారట. "కానీ ఊపిరిని మనం బాగుచేయగలం, అది చేద్దాం" అన్నారు.

మా ఆయనకి తెలుగులో నేనిలా చెప్పాను: "ఇంట్లో పాచిపని మనిషి చీపురు పట్టుకున్నప్పుడల్లా ఎవరో వచ్చి బెల్లు కొడుతున్నారు. ఆవిడ చీపురు పడేసి తలుపు తీయడానికి పరిగెడుతోంది. తెల్లారేసరికి ఇల్లు పాచిగానే ఉంది." డాక్టరు గారు ఏం చెప్పారని అడిగారు. స్నేహ ఇంగ్లిషులోకి మార్చి చెబితే, "ఎగ్జాక్ట్లీ" అన్నారు. అంత సిగ్గులోనూ నాకు కొంచెం గర్వం వేసింది.

ఎండాకాలం

ఇంట్లోనే ఛాతీకి, వేలికి ఏవో తగిలించుకుని పడుకునే పరీక్ష చేశారు. రాత్రంతా నా ఊపిరి ఎన్నిసార్లు ఆగిందో చెప్పిన అంకె ఇక్కడ రాయను. ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. తర్వాత మాస్కు వచ్చింది. ముక్కుకి తొడుక్కుంటే, ఊపిరి ఆగకుండా మిషన్ గొట్టంలోంచి గాలి కొడుతూ ఉంటుంది. మొదటిసారి అద్దంలో చూసుకుని తీసి మంచం మీదికి విసిరేశాను. అంతకంటే గురకే నయమనిపించింది. ఇల్లంతా దీపాలార్పాక, మా ఆయన అటు తిరిగాక పెట్టుకునేదాన్ని. ఎవరైనా ఇంటికి వస్తే మిషన్ మీద తువ్వాలు కప్పేదాన్ని. ఏడుస్తూ స్నేహకి ఫోన్ చేస్తే, "మమ్మీ, గ్లాసెస్ పెట్టుకోవట్లేదా? సేమ్ థింగ్" అంది. సేమ్ థింగ్ కాదు. కానీ పెట్టుకున్నాను. తలుపు దగ్గర నా చేయి పట్టుకున్న ఆ పెద్దావిడని తలుచుకుని పెట్టుకున్నాను.

ఒక్కసారిగా ఏమీ జరగలేదు. ముందు పొద్దున లేవగానే వచ్చే తలనొప్పి పోయింది. తర్వాత ఫెర్రీలో మేలుకుని ఉండడం మొదలుపెట్టాను, హార్బర్ ఇంత బాగుంటుందా అనుకున్నాను. మా ఆయన నడుంనొప్పి తగ్గిపోయి మంచం మీదికి వచ్చేశారు. సెప్టెంబరులో మళ్లీ పరీక్ష పెడితే అయిదు మాటల్లో నాలుగు చెప్పాను. "చాలా మంచిది. ఇన్నేళ్లలో జరిగింది ఎంతో, అది తిరిగి ఎంత సర్దుకుంటుందో నేను మాట ఇవ్వలేను. బీపీ, నడక, నలుగురితో మాట్లాడడం, ఈ మాస్కు, ఇవి వదలకండి" అన్నారు డాక్టరు గారు. నలుగురితో మాట్లాడడం అనేసరికి తల దించుకున్నాను.

మళ్లీ అక్టోబరు

కూడికకి వెళ్లాను. మా దాంట్లో సాక్ష్యం చెప్పడం అని ఉంటుంది. దేవుడు చేసిన మేలు నిలబడి అందరికీ చెప్పడం. ఇక్కడే ఉండిపోవడానికి పీఆర్ వచ్చిందనో, ఇల్లు కొన్నామనో చెబుతారు. నేను లేచాను.  "నేను గురక పెడతానండీ" అన్నాను.

ఎవరో ఫక్కున నవ్వారు. నవ్వొచ్చే మాటే. నేనూ నవ్వి, తలుపు సంగతి, అబద్ధం సంగతి, మాస్కు సంగతి చెప్పాను. గురకని బాగా నిద్రపోవడం అనుకోకండి, మధ్యలో ఊపిరి ఆగుతోందేమో వినండి, పరీక్ష చేయించుకోండి అన్నాను. కూర్చున్నాక ఒకరిద్దరు క్లినిక్ వివరాలు అడిగారు. ఒకావిడ వాళ్లాయన్ని మోచేత్తో పొడిచింది. పర్వాలేదు, ఒక మంచిపని చేశాననుకున్నాను.

వంటింట్లో ప్లేట్లు సర్దుతుంటే విజయక్క వెనకే వచ్చారు. ఆమేన్ అన్న రోజు తర్వాత ఆవిడ మొహంలోకి చూడడం అదే మొదలు.

"కరుణా, ఆగి ఆగి వస్తుందన్నావే, అది ఎలా ఉంటుంది?"

చెప్పాను. పూర్తిగా చెప్పకముందే నాకు అర్థమైంది.

"మా ఆయనకీ అంతే" అన్నారు. "ఆగేది. నేను వినేదాన్ని. ఓ పూట మరీ ఎక్కువసేపు ఆగితే, పోన్లే, కాసేపైనా చప్పుడు లేకుండా పడుకున్నారు అనుకునేదాన్ని. ఒక్కసారీ లేపలేదు. పాపం నిద్ర చెడుతుందని."

సాక్ష్యం చెప్పి మేలు చేశాననుకున్న నోరు నాది. ఏడాది క్రితం ఆవిడ భర్త బతికున్నాడనుకుని గాయం చేశాను, ఇప్పుడు ఆయన చావుకి ఆవిడనే కారణం చేశాను. "పక్షవాతానికి వంద కారణాలుంటాయక్కా. అందరి గురకా జబ్బు కాదు" అన్నాను. అది నిజమే, కానీ ఆవిడకి కావాల్సింది అది కాదు.

"శనివారం మధ్యాహ్నం మా ఇంటికి వస్తావా?" అన్నారు. "ఇల్లు చప్పుడు లేక నాకు నిద్ర పట్టట్లేదు."

మిషన్ సంచిలో పెట్టుకుని వెళ్లాను. పప్పుచారుతో అన్నం పెట్టారు. సోఫా మీద దిండు వేసి పడుకోమన్నారు. సంచిలోంచి మాస్కు బయటికి తీస్తుంటే నా చేయి ఆపి, "అది పెట్టుకుంటే గురక రాదా?" అన్నారు.

"రాదక్కా."

 ఆవిడ కిటికీ వైపు చూస్తూ, "ఇవాళ ఒక్కసారికి అది వద్దు. నేను పక్కనే కూర్చుంటా" అన్నారు.

డాక్టరు గారు వింటే తిడతారు. చదివేవాళ్లు ఎవరూ ఈ పని చేయకండి. కానీ నేను మాస్కు పక్కన పెట్టేసి పడుకున్నాను. పరాయి ఇంట్లో, పట్టపగలు, ఒక మనిషి ఎదురుగా. సిగ్గుతో చెవులు మండిపోతున్నా, కడుపునిండా తిన్నదాన్ని, ఎప్పుడో నిద్రలోకి జారుకున్నాను.

లేచేసరికి ఎండ గోడ మీదికి ఎక్కింది. విజయక్క నేల మీద, సోఫాకి ఆనుకుని కూర్చుని ఉన్నారు. నిద్రపోలేదు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, చేయి నా భుజం మీద ఉంది.

"ఆగినప్పుడల్లా కదిపాను" అన్నారు.

నాకు సిగ్గేసింది. ఇన్నేళ్లూ ఇంతమంది మధ్య పడ్డ సిగ్గంతా అప్పుడే వేసినట్టనిపించింది. ఆవిడ చేయి తీయలేదు, అందుకని నేను లేవలేదు.